కొప్పనాగం బొమ్మలు

ఆ వానాకాలం మా ఎస్టేటు లైనుల్లో కోపెన్‌హేగెన్ పేరు వినని మనిషి లేడు. తెలుక్ ఆన్సన్ పట్నమైనా సరిగ్గా చూడని ఆడవాళ్ళు, ఆ ఊళ్ళో రాజుగారి కోట ముందు కాపలావాళ్ళు ఎలుగుబంటి బొచ్చు టోపీలు పెట్టుకుంటారని కుళాయి దగ్గర చెప్పుకునేవారు. నోరు తిరగక ఆ పేరుని 'కొప్పనాగం' చేసేశారు. వాళ్ళకి ఆ ఊరు చూపించింది మా పెద్దదొర భార్య. ఆవిడ మాటల్ని తెలుగులో చెప్పింది నేను.

యాభై ఏడో సంవత్సరం అది. ఆగస్టు చివర్న మలయాకి స్వతంత్రం వచ్చింది గానీ అడవిలో కమ్యూనిస్టులతో పోరు ఇంకా సాగుతూనే ఉంది. సుంగై సుమున్ పక్కన మాది కొబ్బరి ఎస్టేటు. కూలీలుండే లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె, దానికి ఒక్కటే గేటు, గేటు దగ్గర పోలీసులు. అడవిలో వాళ్ళకి అందుతుందేమోనని పిడికెడు బియ్యం కూడా బయటికి పోనిచ్చేవారు కాదు. పొద్దుగూకితే గేటు మూసేస్తారు. ఆదివారం వస్తే జనానికి పోవడానికి చోటు లేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఎస్టేటు ఆఫీసులో చిన్న గుమాస్తాని. జపాన్ వాడి కాలంలో అమ్మా నాన్నా పోతే మా అక్క దాలమ్మ నన్ను పెంచింది. అక్కని మేము అప్ప అంటాం. ఆవిడ భర్త తిమ్మయ్య బావ ఎస్టేటులో ఎడ్లబండి తోలేవాడు. తోటలోంచి కొబ్బరికాయలు, ఎండు కొబ్బరి చేసే కొప్రా కొట్టుకి చేరవేసే పని. ఇంగ్లీషు బడికి పోయే రోజుల్లో ప్రతి పొద్దున్నా నన్ను బండిలో బస్సు రోడ్డు దాకా దింపి, ఆ తరవాతే పనిలోకి వెళ్ళేవాడు. వానొస్తే తన గోనెపట్టా తీసి నా నెత్తి మీద కప్పేవాడు. ఆయన సంతకం మాత్రం నేర్చుకున్నాడు. అది కూడా నేను నేర్పిందే.

పెద్దదొర డెన్మార్కు మనిషి. ఆయన భార్యకి పిల్లలు లేరు. వచ్చి రెండేళ్ళైనా మా ఎండకీ కంచెకీ అలవాటు పడలేదు. ఆవిడ తన ఊరి నుంచి స్లైడ్ల పెట్టె ఒకటి తెప్పించుకుంది. లైట్ వేస్తే గోడ మీద రంగుల బొమ్మలు పడతాయి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఎస్టేటు బడి కిటికీలకి గోనెలు కట్టించి, జనాన్ని కూర్చోబెట్టి ఆ బొమ్మలు చూపిస్తానంది. తెలుగులో చెప్పడానికి నన్ను పిలిపించారు.

మొదటి ఆదివారం బడి నిండిపోయింది. సముద్రం ఒడ్డున రాయి మీద కూర్చున్న కంచు పిల్ల బొమ్మ పడింది. నడుము కింద చేప తోక. ముసలమ్మలు గంగమ్మ తల్లి అనుకుని దణ్ణాలు పెట్టారు. దొరసాని నవ్వి, "ఎంతో దూరం నుంచి చూడ్డానికి వస్తారు, వచ్చాక ఇంత చిన్నదా అని నిరాశ పడతారు," అంది. తరవాత కాలవ ఒడ్డున ఎర్రవీ పసుపువీ ఇళ్ళు. వేల దీపాలు పెట్టిన తోట, అందులో తిరిగే రంగులరాట్నాలు. నాలుగు సర్పాల తోకలు పైకి మెలేసుకున్న గోపురం. మొదట్లో నోళ్ళు తెరుచుకుని చూశారు. రెండో ఆదివారానికి సగం మందే వచ్చారు. మూడో ఆదివారం ఉక్కపోతకి పిల్లలు ఏడుస్తుంటే తల్లులు లేచి పోయారు. దొరసాని మొహం చిన్నబోవడం చూశాను.

ఒక్క ఆదివారం కూడా మానకుండా ముందు వరసలో కూర్చున్నది మా బావ.

ఆ మూడో ఆదివారమే గుండ్రటి బురుజు బొమ్మ వచ్చింది. మూడు వందల ఏళ్ళ కిందటిది, నక్షత్రాలు చూడ్డానికి కట్టారు, లోపల మెట్లు ఉండవు, బాట లాగే చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది అని దొరసాని చెప్పింది. ఒకప్పుడు రష్యా రాజు గుర్రం మీద ఆ బాటనే పైదాకా ఎక్కాడట, ఆయన వెనకే రాణి బండిలో వెళ్ళిందట. నేను తెలుగులో చెప్పగానే బావ లేచి నిలబడ్డాడు.

"బండి ఎక్కినాదా? ఒరే కన్నబాబూ, మరి దిగేటప్పుడు ఎలగ ఆపినారో అడుగు. ఎక్కడం కాదు, దిగడం కష్టం. బండి ఎనకనించి తోసుకొచ్చి జంతువు కాళ్ళ మీద పడిపోద్ది."

నేను అడిగాను. దొరసాని కళ్ళు పెద్దవి చేసింది. "నేను ఆ ఊళ్ళో పుట్టాను. ఆ బురుజు వందసార్లు ఎక్కాను. ఈ మాట నాకెప్పుడూ తోచలేదు. మా నాన్నకి రాసి అడుగుతాను," అని నవ్వింది. ఆ మూడు వారాల్లో ఆవిడ నిజంగా నవ్వడం అదే.

వెనక నుంచి ట్రాక్టరు తోలే మణియం, మాట చివర మలాయ్ వాళ్ళ 'లా' తగిలించి అరిచాడు. "తిమ్మయ్యా, నువ్వే ఎల్లి సూసి రా లా! నీ ఎడ్లకి కూడా టిక్కెట్టు తీస్తారు!"

అందరూ పెద్దగా నవ్వారు. నవ్వుతూనే కొందరు లేచి గుమ్మం వైపు నడిచారు. బావ మొహం వాడిపోయింది, కూర్చున్నాడు. "ఎందుకు నవ్వుతున్నారు?" అని దొరసాని నన్ను అడిగింది. జనం వైపు తిరిగాను.

"నవ్వకండి. దొరసాని ఇప్పుడే సెప్పింది. ఇరవయ్యేళ్ళు పని సేసినోళ్ళని కంపెనీ ఓడ మీద తీసుకెళ్ళి ఈ ఊరు సూపిస్తాది. ఏడాదికి ఇద్దర్ని."

వెళ్ళేవాళ్ళు ఆగారు. మణియం అడిగాడు: "మమ్మల్ని కూడానా?"

"ఇక్కడ పుట్టినోళ్ళని కాదు. ఇండియా నుంచి వచ్చినోళ్ళనే."

వాడి నోరు మూయించాలని ఆ మాట అన్నాను. మణియం ఇక్కడ పుట్టినవాడు. బావ ఆరేళ్ళప్పుడు శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి తండ్రితో వచ్చినవాడు. దొరసానితో మాత్రం, "వాళ్ళకి మీ బురుజు బాగా నచ్చింది," అన్నాను.

మరుసటి ఆదివారం బడిలో నిలబడ్డానికి చోటు లేదు. దొరసాని నా చెయ్యి పట్టుకుని ఊపింది. పెద్ద గుమాస్తా ఆ రోజు నుంచి నాకు కుర్చీ చూపించి కూర్చోమనేవాడు. ఒకటి రెండు నెలలకి జనం ఆ మాట సగం మరిచిపోయారు, సగం వేళాకోళం చేశారు. నేను కూడా వేళాకోళంలో కలిసిపోతుందిలే అనుకున్నాను.

బావ ఒక్కడే మరవలేదు. తన సర్వీసు ఇరవై ఆరేళ్ళని ఆఫీసులో నా చేతే చూపించుకున్నాడు. చలి దేశమని, పుట్టాక మొదటిసారి పొడుగు పంట్లాం కుట్టించుకున్నాడు. అన్నాల దగ్గర నన్ను ఇంగ్లీషు ముక్కలు అడిగేవాడు. యెస్, నో, థాంక్యూ, వాటర్, బుల్. బుల్ అన్న మాట ఆయనకి ఎంతో నచ్చింది.

ఒక సాయంత్రం అప్ప పెరట్లో పీట మీద కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతోంది. ఆమె కూతురు పాపాయి, ఎనిమిదేళ్ళది, అక్కడే బురదలో గీతలు గీస్తూ ఆడుకుంటోంది. నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను.

"ఒరే," అంది తల ఎత్తకుండా. "మీ బావ సంబరం సూస్తన్నావా?"

"సూస్తన్నాను."

"నిజంగా దొరసాని అన్నాదేటిరా ఆ మాట?"

నేను చెంబు వంచి నీళ్ళు పోసుకుంటున్నాను. అప్ప తల ఎత్తింది.

"కాకపోతే ఇప్పుడే సెప్పీ. నాను ఏటీ అనను. ఆయనకి నానే సెప్పుకుంటాను, ఏదో ఒక రకంగా. నలుగురూ నవ్వితే నవ్వనీ. ఆశ ముదిరినాక సెప్తే మనిషి తట్టుకోడు."

చెంబులో నీళ్ళు అయిపోయినా వంచుతూనే ఉన్నాను. ఆ క్షణంలో చెప్పెయ్యొచ్చు. మా అప్ప అన్న మాట తప్పే మనిషి కాదు. కానీ అప్పటికి దొరసాని నా పేరు పై ఉద్యోగానికి రాయిస్తానంది. ఆ సంగతి ఆఫీసంతా తెలుసు. నేను అబద్ధం చెప్పానని బయటపడితే ఆవిడ మొహం ఎలా చూడను?

"దొరసాని మాటే అప్పా," అన్నాను.

"సర్లే," అని అప్ప మళ్ళీ నెత్తళ్ళ మీదికి వంగింది.

జనవరిలో యూనియను మనిషి నాగప్పన్ కట్టలు కట్టలుగా ఫారాలు తెచ్చాడు. పౌరసత్వం ఫారాలు. గేటు పక్కన బల్ల వేసి, ఆయన తమిళంలో అరిచి చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను. ఇక్కడ పుట్టినవాళ్ళైనా రాసుకోవాల్సిందే. స్వతంత్రం వచ్చిన రోజు నుంచి ఒక్క ఏడాదే గడువు. ఈ ఏడాదిలో రాసుకుంటే మలాయ్ భాష పరీక్ష ఉండదు. వేరే దేశానికి చెందినవాణ్ణి కానని ప్రమాణం చేస్తే చాలు, ఈ దేశపు మనిషివి అయిపోతావు. గడువు దాటితే మాత్రం చాలా కష్టం.

మొదటి ఫారం నాదే. తరవాత వారం రోజులు లైనుల్లో వాళ్ళకి నా చేత్తో నింపాను. మణియంకి నింపాను. పండు ముసలి కూర్మమ్మకి నింపి, వేలిముద్ర వేయించాను. ఇంటికొచ్చి బావకీ అప్పకీ నింపాను. సంతకాలు మిగిలాయి.

బావ కాగితం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది పెడితే నాను ఇండియావోణ్ణి కానన్నట్టే కదా?"

"అవును బావా. ఇక్కడి మనిషివి అవుతావు."

"మరి నువ్వే సెప్పినావు. ఇండియా నుంచి వచ్చినోళ్ళకే అని."

"అదీ ఇదీ ఒకటి కాదు బావా. పెట్టీ. ఏటీ అవదు."

"నీకెలగ తెలుసు? దొరసానిని అడిగినావా?" గొంతులో కోపం లేదు. పద్ధతిగా అడుగుతున్నాడంతే. "తొందరేటి, ఆగస్టు దాకా ఉన్నాది కదా. ఆయమ్మని అడుగుదాం. పెట్టమంటే పెడతాను."

అప్ప తన ఫారం ఆయన ఫారం మీద పెట్టి మడిచి బియ్యం డబ్బా పక్కన ఉంచింది. "ఆయన పెట్టినాకే నానూ," అంది.

అడుగుతానని నేను రెండు నెలలు గడిపాను. దొరసానిని రోజూ చూస్తూనే ఉన్నాను. ఏమని అడగాలి? నేను కల్పించిన ఓడ ఎక్కడానికి మా బావ ఏ దేశపు మనిషిగా ఉండాలని అడగాలా?

ఏప్రిల్లో హఠాత్తుగా దొరసాని వెళ్ళిపోతోందని తెలిసింది. ఆరోగ్యం బాగాలేదట, ఇక తిరిగి రాదట. ఆ పొద్దున్న బంగళా ముందు కారు, కారుకి ముందూ వెనకా పోలీసు జీపులు. ఆ రోడ్డు మీద మందీ మార్బలం లేకుండా దొరల కార్లు తిరగని రోజులవి. జీపులోని ఇన్‌స్పెక్టరు మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. పనివాళ్ళు కొంతమంది దండలు పట్టుకుని నిలబడ్డారు. బావ కొత్త పంట్లాం వేసుకుని, జేబులో ఫారం మడిచి పెట్టుకుని వచ్చాడు.

దొరసాని నా చేతికి ఒక కవరు ఇచ్చింది. పై ఉద్యోగానికి సిఫారసు. బావని చూడగానే సంచీలోంచి ఒక కార్డు తీసి ఆయనకిచ్చింది. ఆ గుండ్రటి బురుజు బొమ్మ.

"మా నాన్న ఎవరెవరినో అడిగాడట. బండి ఎలా దిగిందో ఎవరికీ తెలియదన్నాడు. అలా చెప్పు," అంది నాతో.

నేను చెప్పాను. బావ రెండు చేతులతో కార్డు కళ్ళకద్దుకున్నాడు. తరవాత నా వైపు తిరిగి, "మన వంతు ఎప్పుడో అడుగు. సంతకం సంగతి కూడా," అన్నాడు.

దొరసాని నన్నే చూస్తోంది. "ఏమంటున్నాడు?"

"మీ ప్రయాణం సుఖంగా జరగాలంటున్నాడు అమ్మా," అన్నాను ఇంగ్లీషులో.

ఆవిడ కళ్ళు తడిశాయి. బావ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "అతన్ని తప్పకుండా ఒకసారి రమ్మను. నేనే స్వయంగా పైదాకా తీసుకెళ్తాను." వెళ్ళిపోయే మనిషి అనే మాట అది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

"తప్పకుండా రమ్మంటంది బావా. ఆయమ్మే దగ్గరుండి ఎక్కిస్తాదట," అన్నాను. ఆ ఒక్కటీ నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

బావ మొహం వెలిగిపోయింది. నేను ఇంకేదైనా అనే లోపల జేబులోంచి ఫారం తీసి విప్పి ఆవిడ ముందు పెట్టాడు. నా వైపు చూడకుండా, తను నేర్చుకున్న ఇంగ్లీషులో అడిగాడు.

"మేడం. ఐ ఇండియా మేన్. సైన్? యెస్? నో?"

ఆవిడ కాగితం మీద సర్కారు ముద్ర చూసింది. తన సంతకం అడుగుతున్నాడనుకుంది. చేతులు వెనక్కి తీసుకుని నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. "నో, నో, నో."

ఇన్‌స్పెక్టరు హారను కొట్టించాడు. పెద్దదొర తలుపు తీశాడు. ఆవిడ ఎక్కింది. నా చేతిలో కవరు ఉంది. కారు కదలడానికి ఇంకో నిమిషం పట్టింది. నేను నోరు విప్పలేదు.

దారిలో బావ ఫారాన్ని జాగ్రత్తగా మడుచుకున్నాడు.

"బావా, ఆయమ్మకి అర్థం అవలేదు. నిన్ను పెట్టొద్దని కాదు," అన్నాను.

"నో అంటే ఏటో నాకు తెలుసురా," అన్నాడు. "నువ్వే నేర్పినావు."

ఆ తరవాత బావని మార్చడానికి నాకు ఒక్క దారే మిగిలింది, నిజం చెప్పడం. మే నెలలో చెప్దామనుకున్నాను. జూన్‌లో నన్ను పై ఉద్యోగంలో వేసి, కంచె పక్కనే గుమాస్తాల ఇల్లు ఇచ్చారు. బావే నా సామాను బండిలో వేసుకుని దింపాడు. జులైలో నాగప్పన్ నన్ను ఆఫీసు గుమ్మంలో పట్టుకున్నాడు.

"ఎన్నప్పా, ఊరందరికీ రాసినావు. మీ ఇంట్లో రెండు పేర్లు ఎక్కడ?"

"మా బావ ఒప్పుకోడం లేదు," అన్నాను. ఆ మాట నిజమే. అందుకే దాన్ని గట్టిగా అనగలిగాను.

ఆగస్టు ముప్పై ఒకటిన స్వతంత్రం వచ్చి ఏడాదైందని జెండా ఎగరేశారు. పిల్లలకి మిఠాయిలు పంచారు. పాపాయి రెండు చేతుల్లోనూ తెచ్చి నాకొకటి పెట్టింది. బావ ఎడ్ల కొమ్ములకి కాగితం పూలు కట్టాడు. సాయంత్రం బల్ల తీసేసి నాగప్పన్ ఫారాల కట్ట సైకిలుకి కట్టుకుని వెళ్ళిపోయాడు. నేను వాకిట్లో నిలబడి ఆ సైకిలు గేటు దాటే దాకా చూశాను. పిలిస్తే వినపడే దూరమే.

పదకొండేళ్ళు ఏమీ జరగలేదు. ఓడ మాట బావ మెల్లగా తగ్గించేశాడు. "ఆయమ్మ ఉంటే తీసుకెళ్ళునే," అనేవాడు అప్పుడప్పుడు. బండ్లు పోయి అన్నీ ట్రాక్టర్లే అయ్యాక ఆయన్ని కాయలు ఒలిచే పనిలో వేశారు. పాపాయికి కౌలా సెలంగోర్‌లో కొట్టు ఉన్న అబ్బాయితో పెళ్ళైంది. అల్లుడు పౌరుడు కాబట్టి దానికీ పౌరసత్వం వచ్చింది.

అరవై తొమ్మిదిలో కొత్త చట్టం తెచ్చారు. పౌరులు కానివాళ్ళు పని చెయ్యాలంటే పర్మిట్టు ఉండాలి. పౌరులు కానివాళ్ళకి ఇచ్చే ఎర్ర కార్డు ఉన్నవాళ్ళ జాబితా ఆఫీసులో టైపు చేసింది నేనే. అందులో పద్నాలుగో పేరు తిమ్మయ్య, పదిహేనోది దాలమ్మ. నేను తిరగని ఆఫీసు లేదు. అన్ని చోట్లా ఒకే ప్రశ్న వేశారు. ఆ ఏడాది ఎందుకు రాసుకోలేదు? పర్మిట్టు రాలేదు. లైను ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

బావకి యాభై అయిదు దాటాయి. ఆరేళ్ళప్పుడు వదిలిన పల్లెకి ఓడ ఎక్కాలి. అప్ప అయితే సుంగై సుమున్‌లోనే పుట్టింది. ఇండియా అన్నది ఆవిడ ఎన్నడూ చూడలేదు.

పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవులో రేకుల షెడ్డు కింద వందల మంది మాలాంటి వాళ్ళే, ట్రంకు పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. పాపాయి పిల్లాణ్ణి చంకనేసుకుని తల్లి చెయ్యి వదలకుండా ఏడుస్తోంది. నేను బావని కాస్త పక్కకి తీసుకెళ్ళి చెప్పేశాను. దొరసాని ఓడ మాట ఎప్పుడూ అనలేదని, నేనే కల్పించానని, ఆ రోజు కారు దగ్గర ఆయన అడిగింది నేను ఆవిడకి చెప్పనే లేదని. మొత్తం చెప్పాను. చెప్తూ ఆయన చేతులు పట్టుకున్నాను.

బావ నా మొహంలోకి చూసి నవ్వాడు.

"ఊరుకో. నన్ను ఓదార్చడానికి సెప్తన్నావు. తప్పు నాదేనని నాను బాధపడతానని నీ మీదేసుకుంటన్నావు."

"కాదు బావా, నిజం. ఒట్టు."

"ఆయమ్మ నా సెయ్యి పట్టుకుని రమ్మన్నాది. సంతకం వద్దన్నాది. నా సెవులతో ఇన్నాను. మద్దెలో నువ్వేటి సేసినావురా, పిచ్చోడా?" అని నా భుజం తట్టాడు. ఆయన్ని నమ్మించడానికి నా దగ్గర ఇంకో మాట లేదు. నా నోటి మాట నమ్మడమే ఆయనకి అలవాటు, ఈ ఒక్కటీ తప్ప.

వెనక్కి తిరిగేసరికి అప్ప మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. విన్నదని మాత్రం చూడగానే తెలిసింది. నన్ను తిట్టలేదు. ఏడవలేదు. సీసా బావకిచ్చింది, ఆయన తాగే దాకా ఆగి మూత బిగించింది.

ఓడ మెట్ల దగ్గర నేను వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. నేను పుట్టినప్పటి నుంచి నన్ను ఒరే అని తప్ప పిలవని మనిషి.

"పాపని ఒక కంట సూస్తుండండి," అంది. "మీరూ ఆరోగ్గెం జాగర్త."

బావ ఉన్నన్నాళ్ళూ ఉత్తరాలు వచ్చాయి, "ఒరే కన్నబాబూ" అని మొదలై, ఆ పల్లె పంతులుగారి దస్తూరీలో. డెబ్భై ఆరులో బావ పోయాక అప్ప చెప్పి రాయించేది, ఏడాదికి రెండు. నాకు వచ్చే ఉత్తరంలో "మీరు క్షేమమని తలుస్తాను" అని ఉండేది. పంతులుగారి మర్యాదేమోనని కొన్నాళ్ళు సరిపెట్టుకున్నాను. ఒకసారి కౌలా సెలంగోర్ వెళ్ళినప్పుడు పాపాయి తన ఉత్తరాలు చదివి పెట్టమని తెచ్చింది. అదే దస్తూరీ. అందులో ప్రతి వాక్యం అప్ప గొంతుతోనే ఉంది. ఒసే అని, నీ మొగుడెలాగున్నాడే అని, పిల్లాడికి తల మాసిందేమో చూడవే అని. పంతులుగారు ఒక్క మాట కూడా మార్చే మనిషి కాదు. చివరి దాకా చదివి వినిపించాను. ఆఖరి వరసలో నా గురించి అడిగింది. గుమాస్తాగారు కులాసానా, అని.